కోటసారస్ కాళ్ళ కింద తంగేడు

దసరా సెలవుల్లో మా అక్క బిడ్డను నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంకు తీసుకెళ్ళాను. మూడో తరగతి చదువుతోంది. బొమ్మల పుస్తకం, స్కెచ్ పెన్నుల డబ్బా లేనిదే గడప దాటదు. డైనోసార్ హాల్లో కోటసారస్ అస్థిపంజరం ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పొడుగు మెడ, అంతకంటే పొడుగు తోక, స్తంభాల్లాంటి కాళ్ళు గీసింది. ఎముకలకు కండ పెట్టి ఆకుపచ్చ రంగు నింపింది. అంతా అయ్యాక ఆ నాలుగు కాళ్ళ చుట్టూ పసుపు పెన్నుతో గుత్తులు గుత్తులుగా తంగేడు పూలు పెట్టింది. బతుకమ్మ కోసం వారం రోజులుగా ఇంట్లో చూస్తున్న పూలే అవి.

"అప్పుడు పూలు లేవు బిడ్డా" అన్నాను.

"నీకెట్ల తెలుసు మామా?"

"ఆ కాలం రాళ్ళల్ల యాడ పూలు దొరకలే."

"దొరక్కపోతే లేనట్టేనా? అమ్మ ఉంగరం నాలుగు రోజులు దొరకలే. బీరువలనే ఉండె గద!"

నాకు వెంటనే జవాబు తోచలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని హుస్సేన్ సాగర్ చూస్తూ ఐస్‌క్రీమ్ తిన్నాం. ఆ పిల్ల తన ప్రశ్న మర్చిపోయింది. నేను మర్చిపోలేదు. డిగ్రీలో బాటనీ చదివి, తర్వాత వేరే ఉద్యోగంలో పడి, పాతికేళ్ళుగా శిలాజాల గురించి దొరికిందల్లా చదువుతున్నవాణ్ణి. ‘లేవు’ అన్న మాటను అంత తేలిగ్గా ఎలా అనగలిగానో నాకే తేల్చుకోవాలనిపించింది. మూడు నెలలుగా తేల్చుకుంటున్నదే ఇక్కడ రాస్తున్నాను. పూల మొక్కల శిలాజాల గురించి పత్రికల్లో ఎప్పుడు వార్త వచ్చినా ‘ప్రపంచంలో మొట్టమొదటి పువ్వు’ అనే శీర్షికే కనబడుతుంది. ఆ మొదటి పువ్వు కోసం పడే ఆరాటం మనల్ని అసలు కథకు దూరం చేస్తోందని నా అభిప్రాయం. శిలాజాలు గట్టిగా, స్పష్టంగా చెప్తున్న సంగతి ఇంకొకటుంది. ఎక్కడో ఒక మూలన బతికిన మొక్కలు భూమినంతా ఎలా కమ్ముకున్నాయన్నదే ఆ సంగతి. అందులో ఒక ముఖ్యమైన అధ్యాయం మన దక్కన్ రాళ్ళలో ఉంది.

బీరువా ఎంత వెతికారు?

పిల్ల అడిగింది సరైన ప్రశ్నే. దొరకలేదు కాబట్టి లేదు అనాలంటే, ముందు ఎంత వెతికారో చెప్పాలి. బీరువా పై అర మాత్రమే చూసి ఉంగరం పోయిందనడం వేరు, చీర చీరా దులిపి చూసి అనడం వేరు.

పూల విషయంలో ఆ దులపడం జరిగింది. దానికి కారణం పుప్పొడి. పువ్వు మెత్తనిది, వాడి రాలి కుళ్ళిపోతుంది, రాయిగా మారే అదృష్టం కోటికొకదానికి దక్కుతుందేమో. పుప్పొడి అలా కాదు. రేణువు పైన ఉండే స్పోరోపొలెనిన్ అనే పదార్థం మహా మొండిది. ప్రయోగశాలలో రాయిని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌లో నానబెడతారు, రాయి కరిగిపోతుంది, పుప్పొడి మిగులుతుంది. పైగా ఒక్క మొక్కే లక్షల రేణువులను గాలికి, నీటికి వదుల్తుంది. చెరువుల అడుగున, సముద్రం అడుగున బురదలో అవి పేరుకుంటూనే ఉంటాయి.

ఈ రేణువులను అందరికంటే ఎక్కువగా వెతికింది చమురు కంపెనీలు. బోరు వేసి తీసిన రాయి ఏ కాలానిదో తెలుసుకోవడానికి పుప్పొడి, సిద్ధబీజాలే వాళ్ళకు గుర్తులు. అందుకని దశాబ్దాల తరబడి అన్ని ఖండాల్లో జురాసిక్ రాళ్ళను (సుమారు 20 నుంచి 14.5 కోట్ల ఏళ్ళ కిందటివి), వాటి తర్వాతి క్రెటేషియస్ రాళ్ళను (6.6 కోట్ల ఏళ్ళ కిందటి దాకా) కరిగించి మైక్రోస్కోప్ కింద పెట్టారు. పూల మొక్కల పుప్పొడిని గుర్తుపట్టడానికి ఒక ఆనవాలుంది. దాని గోడను అడ్డంగా కోసి చూస్తే వెయ్యి స్తంభాల గుడి మంటపంలా ఉంటుంది: కింద నేల, మధ్యలో చిన్న చిన్న స్తంభాలు, పైన కప్పు. అలాంటి రేణువులు నమ్మకంగా మొదలయ్యేది సుమారు 13.5 కోట్ల నుంచి 13 కోట్ల ఏళ్ళ కిందటి రాళ్ళలో. ఇజ్రాయెల్, మొరాకో, ఇటలీ, దక్షిణ ఇంగ్లండ్, ఎక్కడ చూసినా మొదట్లో అవి అరుదే. వందల ఫెర్న్, పైన్ లాంటి కోనిఫర్ చెట్ల రేణువుల మధ్య వెతగ్గా ఒకటి అరా కనబడతాయి.

కోటసారస్ వయసు 17, 18 కోట్ల ఏళ్ళు ఉంటుంది. గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర ‘కోట’ అని పిలిచే రాతి పొరల్లో దొరికిన ఈ జంతువుకు 1988లో పి. యాదగిరి పేరు పెట్టారు. అది మేసింది ఫెర్న్‌లు, సైకస్ లాంటి చెట్లు, కోనిఫర్ కొమ్మలు. దాని కాలానికీ, పూల పుప్పొడి మొదలైన కాలానికీ మధ్య సుమారు 4 కోట్ల ఏళ్ళ తేడా ఉంది. పుప్పొడి లెక్క ప్రకారం చూస్తే నేను పిల్లతో అన్న ‘లేవు’ చాలావరకు నిలబడుతుంది. ‘చాలావరకు’ అని ఎందుకన్నానో కింద చెప్తాను.

కలువ ఒక దారి, తామర ఒక దారి

పుప్పొడి అంటే ఏదో పెద్ద లాబ్‌లోనే చూడాలని అనుకోకండి. ఆ ఆదివారం గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్ళి రెండు తామర పూలు కొన్నాను. కలువలు మా ఊరి చెరువు నుంచి బావమరిది తెచ్చాడు. పిల్లల మైక్రోస్కోప్ ఒకటి ఇంట్లో ఉంది. 400 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. గాజు పలక మీద గ్లిజరిన్ చుక్క వేసి, కేసరాలను సూదితో తట్టాను.

తామర రేణువు గుండ్రంగా బంతిలా ఉంది. గ్లిజరిన్‌లో మెల్లగా దొర్లుతుంటే దాని మీద మూడు గాళ్ళు కనబడ్డాయి, బత్తాయి తొక్క మీద కత్తితో మూడు వైపులా గాటు పెట్టినట్టు. కలువ రేణువుకు ఆ మూడు గాళ్ళు లేవు. ఒకే గాడి, అదీ నడుం చుట్టూ మొలతాడు కట్టినట్టు వలయంలా ఉంది. ఒకే చెరువులో, ఒకే బురదలో వేళ్ళు పెట్టి, ఒకేలాంటి గుండ్రటి ఆకులు నీళ్ళ మీద పరిచే ఈ రెండూ అక్కచెల్లెళ్ళని ఎవరైనా అనుకుంటారు. మా తరం బాటనీ పుస్తకాలు కూడా అలాగే పక్కపక్కన పెట్టాయి. డీఎన్ఏ చదివాక తేలింది, తామరకు దగ్గరి చుట్టం కలువ కాదు, చలిదేశాల్లో వీధుల పక్కన నాటే ప్లేన్ చెట్టు. కలువ వంశం మిగతా పూల మొక్కలన్నిటి నుంచీ ఎప్పుడో మొదట్లోనే విడిపోయింది. అంతకంటే ముందు విడిపోయిన మొక్క ఈనాటికి ఒకటే మిగిలింది, న్యూ కాలెడోనియా దీవి అడవుల్లో పెరిగే ఆంబొరెల్లా అనే పొద.

ఆ మూడు గాళ్ళు చిన్న సంగతి కాదు. తంగేడు, గునుగు, బంతి, పత్తి, మామిడి, వేప, అన్నిటి పుప్పొడిదీ మూడు గాళ్ళ వంశమే. కొన్నిట్లో గాళ్ళు రంధ్రాలుగా మారి ఎక్కువైనా మూలం అదే. ఇవాళ భూమ్మీద ఉన్న పూల జాతుల్లో సుమారు మూడొంతులు ఈ వంశానివే. ఈ మూడు గాళ్ళ రేణువు రాళ్ళలో తొలిసారి కనబడేది సుమారు 12.5 కోట్ల ఏళ్ళ కిందట. అంతకు ముందు లేదు. ఆ తర్వాత పోయింది లేదు, పెరుగుతూనే ఉంది.

1970ల్లో జేమ్స్ డాయిల్, లియో హికీ అనే ఇద్దరు అమెరికాలో వాషింగ్టన్ దగ్గరి పొటోమాక్ రాతి పొరలను కింది నుంచి పైకి మెట్లు ఎక్కినట్టు చదివారు. కింది మెట్ల మీద ఒక గాడి పుప్పొడి, పైకి వెళ్ళేకొద్దీ మూడు గాళ్ళది, ఇంకా పైన మరింత చిక్కటి నిర్మాణాలు. ఆకులూ అదే వరసలో మారాయి. కింది పొరల ఆకుల్లో ఈనెలు గీతలు నేర్చుకుంటున్న పిల్ల గీసినట్టు అస్తవ్యస్తంగా ఉంటాయి. పై పొరల్లో ఒక క్రమానికి వస్తాయి. పుప్పొడి ఒక సాక్షి, ఆకు ఇంకో సాక్షి. ఇద్దరూ వేర్వేరుగా చెప్పి ఒకే మాట మీద నిలబడ్డారు. నాకు మొత్తం పూల శిలాజాల సాహిత్యంలో అన్నిటికంటే నచ్చిన పని ఇది. ఇందులో ‘మొదటి పువ్వు’ లేదు. అందుకే కాబోలు పత్రికల్లో ఎప్పుడూ రాదు.

మొదటి పువ్వు వేట

ఇప్పుడు నా వాదానికి ఎదురు నిలిచే సంగతులు. దాటేయడం న్యాయం కాదు.

1998లో చైనా లియావోనింగ్ రాళ్ళలో ఆర్కిఫ్రక్టస్ అనే మొక్క దొరికిందని ప్రకటించారు. సున్ గే, డేవిడ్ డిల్చర్ బృందం అది జురాసిక్ కాలం చివరిదన్నారు. ప్రపంచమంతా మొదటి పువ్వు అని రాసింది. తర్వాత ఆ రాళ్ళ వయసు సరిగ్గా కట్టాక 12.5 కోట్ల ఏళ్ళ దగ్గర తేలింది. ఆకర్షణ పత్రాలు లేవు, రక్షక పత్రాలు లేవు, సన్నటి కాడకు కేసరాలు, కాయలు వరసగా ఉన్న నీటి మొక్క. 2015లో స్పెయిన్ నుంచి మోంట్‌సెకియా పేరు వచ్చింది. వందేళ్ళ కిందటే తవ్వితీసిన మొక్క, ఎవరూ పువ్వు అనుకోలేదు. వెయ్యికి పైగా నమూనాలు తిరిగి చూశాక, అది నీటి లోపలే పూసి కాసే పూల మొక్క అని తేల్చారు. అక్వేరియం షాపుల్లో అమ్మే హార్న్‌వర్ట్‌ను పోలి ఉంటుంది. వయసు 13 నుంచి 12.5 కోట్ల ఏళ్ళ మధ్య.

2018లో నాన్‌జింగ్ నుంచి వచ్చిన వార్తతో నాకు నిజంగా ఇబ్బంది మొదలైంది. నాన్‌జింగాంథస్ అనే ఆ శిలాజం వయసు 17.4 కోట్ల ఏళ్ళు. అంటే మన కోటసారస్ కాలం! దాన్ని పువ్వు అని ఒప్పుకుంటే నా మేనకోడలి బొమ్మలో పూలు ఉండొచ్చు. ఒకటీ రెండూ కాదు, దాదాపు 200 పువ్వుల అచ్చులున్నాయి. ఫోటోలు పెద్దవి చేసి చాలాసేపు చూశాను. మొదటి చూపులో నాకూ పువ్వే అనిపించింది. తర్వాత ఆ రంగంలో తలపండినవాళ్ళు రాసిన అభ్యంతరాలు చదివాను. పువ్వుకు ఆయువుపట్టు రేకులు కావు, విత్తనమయ్యే అండాన్ని చుట్టూ మూసి దాచే అండాశయం. నలిగి చదునైన ఈ అచ్చుల్లో ఆ మూత నిజంగా ఉందా, లేక కోనిఫర్ కాయ పొలుసులు విప్పారి రేకుల్లా కనబడుతున్నాయా అన్నది తేలలేదు. నాకు అభ్యంతరాలే బలంగా అనిపించాయి. కాని ‘ఇది పువ్వు కాదు’ అని ప్రమాణం చేసి చెప్పలేను.

ఇంకోటి ఉంది. 2013లో ఉత్తర స్విట్జర్లాండ్ బోర్ల నుంచి తీసిన ట్రయాసిక్ కాలం రాళ్ళలో, అంటే సుమారు 24 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో, పూల మొక్కల పుప్పొడిని చాలా పోలిన రేణువులు దొరికాయి. స్తంభాల మంటపం కూడా ఉంది. ఆ తర్వాత 10 కోట్ల ఏళ్ళు వాటి వారసులెవరూ కనబడకపోవడం వింత. వేరే ఏదో వంశం అలాంటి గోడను సొంతంగా కట్టుకుని అంతరించి ఉండొచ్చు. పరిణామంలో అది కొత్తేమీ కాదు.

డీఎన్ఏ గడియారం అని ఒకటుంది. డీఎన్ఏలో మార్పులు పేరుకునే వేగాన్ని బట్టి వంశాలు ఎప్పుడు విడిపోయాయో లెక్కకట్టే పద్ధతి. అది మొండిగా పూల మొక్కల మూలాన్ని జురాసిక్‌లోకి, ఒక్కోసారి ట్రయాసిక్‌లోకి నెడుతుంది. 2024లో 9,500కు పైగా జాతుల నుంచి 353 జన్యువులు చదివి కట్టిన మహావృక్షం వచ్చింది. అంత సమాచారం చేతిలో ఉండి కూడా వాళ్ళు మూలానికి ఒక పై హద్దు చెప్పలేక రెండు హద్దులు పెట్టుకుని లెక్క కట్టారు. ఒకటి 15.4 కోట్ల ఏళ్ళు, ఇంకొకటి 24.7 కోట్ల ఏళ్ళు. తేడా 9 కోట్ల పైమాటే. మొదటి పువ్వు తేదీ అడిగితే అందే జవాబు ఇంత వదులుగా ఉంటుంది.

ఇంత చదివాక నేను ఒక చోట నిలబడ్డాను. జురాసిక్‌లో పూల మొక్కల పూర్వీకులు ఎక్కడో ఉండి ఉండొచ్చు. గడియారం చెప్పేది పూర్తిగా తప్పని నేను అనను. కాని ఉంటే, పుప్పొడికి కూడా చిక్కనంత తక్కువగా, ఏ వాగు ఒడ్డునో, ఏ చీకటి అడవి అడుగునో ఉండాలి. అప్పుడు వాటి పుట్టిన తేదీ తెలిసినా ఏం తెలిసినట్టు? కొన్ని కోట్ల ఏళ్ళు ఎవరికీ కనబడకుండా బతికిన మొక్కల గుంపు ఉన్నట్టుండి ఎందుకు లేచింది? నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న అది.

డార్విన్ కలత

పూల పుట్టుక గురించి రాసే ప్రతివాళ్ళూ డార్విన్ 1879 జులై 22న తన స్నేహితుడు, వృక్షశాస్త్రవేత్త హుకర్‌కు రాసిన ఉత్తరాన్ని తలుస్తారు. ‘అబామినబుల్ మిస్టరీ’ అన్నాడాయన. మనసుకు మింగుడుపడని చిక్కుముడి అని అర్థం. చాలామంది దాన్ని ‘పువ్వు ఎలా పుట్టిందో తెలియదు’ అన్నట్టు చెప్తారు. ఉత్తరంలో ఉన్న మాట వేరు. ఉన్నత మొక్కలన్నీ ఇటీవలి భూకాలాల్లో అంత వేగంగా అభివృద్ధి చెందడమే ఆయనను బాధించింది. ప్రకృతి గెంతదని జీవితమంతా వాదించిన మనిషికి ఆ వేగం గొంతులో ముల్లయింది. దక్షిణార్ధగోళంలో ఎక్కడో మునిగిపోయిన ఖండం మీద అవి నెమ్మదిగా ఎదిగి ఉంటాయేమోనని కూడా ఊహించాడు. ఆయన అడిగింది తేదీ కాదు, వేగం.

ఆ వేగానికి శిలాజాలు ఇప్పుడు కొంత జవాబు ఇస్తున్నాయి. రావి ఆకు ఒకటి కోసి ఎండకు ఎత్తి పట్టుకోండి. పెద్ద ఈనె నుంచి చిన్నవి, వాటి నుంచి ఇంకా చిన్నవి, చేపల వలలా అల్లుకుని ఉంటాయి. ఆకులో ఒక చదరపు మిల్లీమీటరులో ఎంత పొడవు ఈనె ఉందో కొలిస్తే పూల మొక్కల్లో సగటున 8 మిల్లీమీటర్లు. ఫెర్న్, కోనిఫర్, సైకస్‌లలో, బతికి ఉన్నవైనా శిలాజాలైనా, 2 దగ్గరే ఆగిపోతుంది. ఈనెలు ఎక్కువైతే నీళ్ళు ఎక్కువ పారతాయి, ఆకు ఎక్కువ తిండి వండుతుంది, మొక్క తొందరగా ఎదుగుతుంది. శిలాజ ఆకుల్లో ఈ ఈనెల చిక్కదనం క్రెటేషియస్ నడిమి కాలంలో పెరగడం కనబడుతుంది. నేనైతే పువ్వు కంటే ఈ ఆకుకే ఎక్కువ మార్కులు వేస్తాను. అందం పేరు పువ్వుకు దక్కింది, కాయకష్టం ఆకుది.

తొలి పూలు ఎలా ఉండేవన్న విషయంలో కూడా మా డిగ్రీ పుస్తకం చెప్పిందానికి గట్టి దెబ్బ తగిలింది. సంపెంగలాంటి పెద్ద పువ్వే ఆది పుష్పమని మేం చదువుకున్నాం. 1981లో ఎల్సా మరీ ఫ్రీస్, ఆనీ స్కార్బీ దక్షిణ స్వీడన్ మట్టిని జల్లెడ పట్టి, అడవి మంటల్లో మాడి బొగ్గయిన పూలను బయటపెట్టారు. రెండు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. ఆవగింజంత పువ్వు, కేసరాలతో, రేకులతో, నలగకుండా మూడు కొలతల్లో ఉంది. తర్వాత పోర్చుగల్‌లో ఇంకా పాతవి, అంతే చిన్నవి దొరికాయి. దాంతో తొలి పూలు గునుగు కంకిలోని ఒక్కో పువ్వులా చిన్నవేనన్న మాట బలపడింది.

ఇక్కడ నాకు ఒక అనుమానం ఉంది. మంటల్లో మాడిన వస్తువు కుంచించుకుపోతుంది. పెద్ద పువ్వు మాడితే ముక్కలవుతుంది, చిన్నది నిలుస్తుంది. మన జల్లెడలో చిన్నవే మిగిలాయని ఆ కాలంలో చిన్నవే పూశాయనలేం. అమెరికాలో కాన్సస్ రాళ్ళలో దొరికిన ఆర్కియాంథస్ వయసు సుమారు 10 కోట్ల ఏళ్ళు, అది సంపెంగను పోలిన పెద్ద పువ్వే. మా పెరట్లో సీతాఫలం చెట్టుంది. సంపెంగ వర్గానికి చుట్టమే. వానలు మొదలైనప్పుడు దాని పువ్వును విప్పి చూస్తే మూడు మందపాటి ఆకుపచ్చ రేకుల మధ్య చీకటి గదిలా ఉంటుంది. లోపల చిన్న పేడపురుగుల్లాంటి నల్ల పురుగులు పాకుతుంటాయి. మొదట ఆడ భాగం పండుతుంది, ఆ తర్వాతే పుప్పొడి రాలుతుంది. రాత్రంతా పురుగుకు ఇల్లు ఇచ్చి పొద్దున పుప్పొడి పూసి పంపినట్టు ఉంటుంది. బాలానగర్ సీతాఫలాలు బుట్టల్లో కొని తినేవాళ్ళం, ఆ పువ్వును ఒక్కసారైనా విప్పి చూడాలి. ఈనాటి సీతాఫలం ఆది పుష్పం కాకపోవచ్చు. ఆ పాత బేరం ఎలా సాగేదో మాత్రం అందులో కనబడుతుంది.

మొక్కలు చాలా, నేల కొంచెం

వేగం గురించి ఇంకో సంగతి ఉంది. అదే నా అభిప్రాయానికి వెన్నెముక. అమెరికాలో వయోమింగ్‌లో బిగ్ సీడర్ రిడ్జ్ అనే చోట సుమారు 7.2 కోట్ల ఏళ్ళ కిందట అగ్నిపర్వతం బూడిద ఒక మైదానాన్ని ఉన్నదున్నట్టు కప్పేసింది. మొక్కలు నిలబడ్డ చోటే ఉన్నాయి. అక్కడ ఎవరు ఎంత నేల ఆక్రమించారో కొలిచారు. జాతుల లెక్కలో ద్విదళ పూల మొక్కలు 61 శాతం. అవి కప్పిన నేల 12 శాతం. మిగతాది ప్రధానంగా ఫెర్న్‌ల రాజ్యం. పూల పుప్పొడి మొదలై 6 కోట్ల ఏళ్ళు గడిచాక పరిస్థితి ఇది! ఊళ్ళో అన్ని ఇంటిపేర్లూ వాళ్ళవే, పొలాలు మాత్రం పాత కాపులవే అన్నట్టుంది.

2021లో కొలంబియా నుంచి వచ్చిన పరిశోధన దీనికి కొనసాగింపులా చదవొచ్చు. 6,000 పైగా ఆకులు, 50,000 పైగా పుప్పొడి నమోదులు చూసి వాళ్ళు చెప్పింది: డైనోసార్లు పోయిన ఆ ఉత్పాతానికి ముందు అక్కడి అడవిలో కోనిఫర్‌లు, ఫెర్న్‌లు, పూల చెట్లు కలిసి, పలచగా, వెలుతురు నేలకు దిగేలా ఉండేవి. ఉత్పాతంలో 45 శాతం మొక్కల రకాలు పోయాయి. కోలుకోవడానికి 60 లక్షల ఏళ్ళు పట్టింది. కోలుకున్నాక వచ్చింది పూల చెట్లతో నిండిన చీకటి వానల అడవి. పుట్టడం ఒకనాడు, రకాలు పెరగడం ఇంకోనాడు, నేలను ఏలడం మరోనాడు. ఈ మూడింటినీ ఒక తేదీకి కుదించాలనుకోవడమే పొరపాటు.

పేడలో వరి చుట్టాలు

పుప్పొడి మీద ఇంత నమ్మకం పెట్టుకున్న నాకు దెబ్బ తగలాల్సింది పక్క జిల్లా నుంచే. మన ఆసిఫాబాద్‌కు పొరుగున ఉన్న చంద్రపూర్ జిల్లాలో పిస్దుర అనే ఊరుంది. అక్కడ డైనోసార్ల పేడ రాయిగా మారి దొరుకుతుంది. డైనోసార్లు గడ్డిని చూడలేదని అప్పటిదాకా పుస్తకాలన్నీ చెప్పేవి. 2005లో వందనా ప్రసాద్, కరోలిన్ స్ట్రోంబర్గ్, అశోక్ సాహ్ని తదితరులు ఆ పేడను విశ్లేషించి గడ్డి ఆనవాళ్ళు చూపించారు. ఒకటి కాదు, పలు రకాల గడ్డి. తర్వాత వరి వర్గానికి చెందినది కూడా ఉందని తేల్చారు.

‘లేదు’ అన్నది ఉన్నట్టు తేలింది. అక్క ఉంగరం బీరువాలోనే ఉంది! మరి పూల విషయంలో నేనెలా ధీమాగా ఉండగలను?

చాలా ఆలోచించాను. తేడా వెతికిన తీరులో ఉంది. గడ్డి పుప్పొడి చూడటానికి చాలావరకు ఒకేలా ఉంటుంది, దాని బట్టి ఏ గడ్డో చెప్పడం కష్టం. పిస్దురలో సాక్ష్యం చెప్పింది పుప్పొడి కాదు, ఫైటోలిత్‌లు, అంటే మొక్క కణాల్లో గట్టిపడ్డ సిలికా రేణువులు. వరి నాట్లప్పుడు ఆకు అంచు చెయ్యి కోయడం పొలంలో దిగినవాళ్ళకు తెలుసు. గడ్డి తన కణాల్లో నింపుకునే గాజులాంటి సిలికా వల్ల అది. ఆ సిలికా రేణువుల ఆకారం గడ్డి గడ్డికీ వేరు. డైనోసార్ పేడలో వాటికోసం అంతకు ముందు ఎవరూ చూడలేదు. అంటే ఆ అర తెరవనే లేదు. జురాసిక్ పుప్పొడి అరను మాత్రం వేల చేతులు తిరగేశాయి. అయినా పిస్దుర నాకు ఒక హద్దు నేర్పింది. ‘అప్పుడు పూలు లేవు’ అనే మాటను ఇప్పుడు నేను ‘పూలున్నా కంటికి ఆననంత తక్కువ’ అని మార్చి చెప్తున్నాను.

నల్లరేగడి కింద

పిస్దుర ఒక్కటే కాదు. లావా పారి, ఆగి, చెరువు ఏర్పడి, అడవి పెరిగి, మళ్ళీ లావా పారి, దాన్ని కప్పేసి... దక్కన్ అంతా ఇలా పుస్తకంలో పేజీల మధ్య ఆకులు దాచినట్టు ఉంది. మధ్యప్రదేశ్ ఛింద్వాడా జిల్లా మోహ్‌గావ్ కలాన్‌లో చెకుముకి రాళ్ళలో కాయలు, పూలు కణం కణం చెడకుండా ఉన్నాయి. మొక్కల శిలాజాల శాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని 1930ల్లో అక్కడి ఒక కాయకు ఎనిగ్మోకార్పాన్ అని పేరు పెట్టారు, పొడుపుకథ కాయ అని. అది గోరింట, దానిమ్మల కుటుంబానిది. అదే చోట నీపా తాటి కాయ దొరికింది. ఆ చెట్టు ఇవాళ సుందర్‌బన్స్ లాంటి ఉప్పునీటి బురదల్లో పెరుగుతుంది. 2013లో దక్కన్ చెకుముకి రాళ్ళ నుంచే ప్రపంచంలో అప్పటికి తెలిసిన అతి పాత ద్రాక్ష కుటుంబపు విత్తనాలను వర్ణించి ఇండోవిటిస్ అన్నారు. వయసు 6.6 కోట్ల ఏళ్ళు. అనాబ్-ఎ-షాహి ద్రాక్షకు పుట్టిల్లయిన హైదరాబాద్‌లో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

గోరింట, దానిమ్మ, తాటి, ద్రాక్ష, వరి: ఒక ఇంటి పెరడంత చుట్టాలు కోటసారస్ తర్వాత 11 కోట్ల ఏళ్ళకు, డైనోసార్లు ఇంకా బతికి ఉండగానో, అప్పుడే పోయాకో, ఇక్కడ ఉన్నారు. పూల మొక్కలు నేలను ఏలడం మొదలైన గడప సరిగ్గా అదే. ఆ గడప మీద రోజురోజూ రాసిన దినచర్యలాంటి రాళ్ళు మన దగ్గర ఉన్నాయి. 1949 ఏప్రిల్ 3న లక్నోలో సాహ్ని సంస్థకు నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు పునాది రాయిలోనే శిలాజాలు పొదిగారు. వారానికే సాహ్ని కన్నుమూశారు. ఆయన మొదలుపెట్టిన పని అక్కడ సాగుతూనే ఉంది. పత్రికలకు మాత్రం చైనా పువ్వే వార్త.

నవంబర్‌లో ఒక ఆదివారం వికారాబాద్ రైలెక్కాను. నగరం గుట్టలన్నీ 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్, వాటిలో పువ్వు ప్రసక్తే లేదు. వికారాబాద్ చేరేలోపు నేల నల్లబడుతుంది. అక్కడి నుంచి నస్కల్. లావా పొరల మధ్య చిక్కుకున్న అక్కడి చెరువు మట్టిని జల్లెడ పట్టే జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో దక్కనోలెస్టిస్ అనే చుంచెలుకంత జంతువు పళ్ళను ప్రకటించారు. ఆ మట్టిలోనే పుప్పొడి కూడా ఉంది. ఆ పొర వయసు నిర్ణయించడానికి దాన్నే వాడారు. నేను చూసింది ఎండిన గట్టు, దాని మీద లేత బూడిద రంగు మట్టి, పక్కన పత్తి చేను. ఆ చోటు ఏమిటో చెప్పే బోర్డు నాకెక్కడా కనబడలేదు. దారి పొడవునా వెంచర్ల హద్దురాళ్ళు, రంగు జెండాలు.

చేను ఒడ్డున ఒక పెద్దాయన పత్తి ఏరిస్తున్నాడు.

"ఏం సారు, భూమి సూడొచ్చినవా?"

"కాదు తాతా, రాళ్ళు సూడొచ్చిన. ఈడ శాన పాత చెరువు ఉండెనట."

"చెరువా? మా తాత కాలంల గూడ ఈడ చెరువు లేదు" అని కాసేపు ఆ గట్టు వైపు చూశాడు. తర్వాత ఒక మట్టి పెళ్ళ తీసి వేళ్ళ మధ్య నలిపి, "మెత్తగుంటది ఈ మన్ను, ఒండ్రు లెక్క. ఎందుకో అనుకుంటుంటి" అన్నాడు.

చేతిలో మట్టితో అలా నిలబడ్డ ఆయన వెనక పత్తి పూలు తెల్లవారితే పసుపు, సాయంత్రానికి గులాబీ రంగు. వాటి పుప్పొడి ఆ మట్టి మీదే రాలుతోంది.

ఇంటికొచ్చాక మా మేనకోడలికి ఫోన్ చేసి అంతా చెప్పాను. పుప్పొడి గురించి, నాన్‌జింగ్ గురించి, పేడలో గడ్డి గురించి. పేడ సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు బొమ్మల పుస్తకం తెరిచి చూపించింది. కోటసారస్ కాళ్ళ చుట్టూ ఉన్న తంగేడు మీద ముదురాకుపచ్చ రంగు పూసి ఫెర్న్ ఆకులు చేసింది. మూలన కొత్తగా ఒక నీటి గుంట వచ్చింది. గుంట లోపల, నీళ్ళ కింద, ఒక చిన్న పసుపు చుక్క వదిలేసింది.

"ఇదేంది బిడ్డా?"

"ఇది ఉండచ్చు మామా. కోటసారస్‌కు కనబడలే."